బాంబే దాటాక హార్మోనియం

ఆ రోజుల్లో నాలాంటి కుర్రాళ్ళకి ఆక్లండ్‌లో రెండే దిక్కులు తెలుసు: పనికి వెళ్ళే దిక్కు, పని నుంచి వచ్చే దిక్కు. చదువు పేరు చెప్పి వచ్చి, ఎయిర్‌పోర్టు పక్క గోదాముల్లో పెట్టెలు మోస్తూ సెటిల్ అయిపోయిన బ్యాచ్ మాది. న్యూజిలాండ్ దేశం చాలా అందంగా ఉంటుందని క్యాలెండరు చూసి తెలుసుకునేవాళ్ళం. (ఆ క్యాలెండరు కూడా ఇండియన్ సరుకుల కొట్టువాడు ఉచితంగా ఇచ్చిందే. మార్చి నెల బొమ్మలో ఉన్న సరస్సు మా ఇంటికి మూడు గంటల దూరంలోనే ఉందని తెలియడానికి నాకు మూడేళ్ళు పట్టింది.) అలాంటివాణ్ణి ఒక శనివారం నాడు హైవే పక్కనున్న పాత సామాన్ల కొట్లన్నీ గాలించి, దండయాత్ర ముగించుకున్న రాజుగారిలా తిరిగి వచ్చానంటే దాని వెనక ఒక అబద్ధం ఉంది. అబద్ధం అంటే మరీ అన్యాయం. సగం నిజం.

ఆక్లండ్ శివారు పాపటోయిటోయిలో నేను అద్దెకున్న గది ఒక ఫిజీ ఆంటీ వాళ్ళింట్లోది. ఆవిడ ముత్తాతల కాలంలో ఎవరో విశాఖపట్నం వైపు నుంచి చెరకు తోటల్లో పనికి ఓడెక్కి ఫిజీ వెళ్ళారట. ఇంట్లో మాట్లాడేది ఫిజీ హిందీ అయినా, వాళ్ళ నాయనమ్మ పుణ్యమా అని నాలుగు తెలుగు ముక్కలు మిగిలాయి. తెలుగువాణ్ణని తెలిసినప్పటి నుంచి ఆ నాలుగు ముక్కలూ నా మీదే ఖర్చు చేసేది. "బాబూ, అన్నం తిను, సిగ్గు వద్దు" అన్నది అందులో ముఖ్యమైన ముక్క కాబట్టి నాకూ అభ్యంతరం ఉండేది కాదు. అంకుల్ మాత్రం ఏ భాషలోనూ మాట్లాడేవారు కాదు. బస్సు డ్రైవరుగా రిటైరయ్యారు. ప్రయాణికులతో మాట్లాడరాదన్న బోర్డు వెనక ముప్పై ఏళ్ళు కూర్చున్న అలవాటు ఇంట్లో కూడా పోలేదని ఆంటీ అనేది.

ఆంటీకి ఒక భజన మండలి ఉండేది. మంగళవారం మంగళవారం ఎవరో ఒకరింట్లో భజన. ఆ మండలి హార్మోనియం ఆ ఏడాది చలికాలంలో ప్రాణం విడిచింది. దాని స్థానంలో ఎవరి మనవరాలిదో ఎలక్ట్రిక్ కీబోర్డు తెచ్చుకుని నెట్టుకొస్తుండగా, ఒక పెద్దాయన పోయిన పదమూడో రోజు కార్యక్రమంలో ఘోరం జరిగింది. ఆయన కొడుకులు, కోడళ్ళు కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నారు. గది నిండా అగరొత్తుల పొగ. మండలిలో వాయించే మరో పెద్దాయన చెయ్యి ఏ మీట మీద పడిందో గానీ ఉన్నట్టుండి డిస్కో దరువు మొదలైంది. ఎంతకీ ఆగలేదు. ఆపబోతే ఇంకా వేగం పెరిగింది. చివరికి అంకుల్ లేచి వెళ్ళి ప్లగ్గు పీకారు. ఈ కథ వారంలోగా పక్కపేట మనురేవా మండలి వాళ్ళకి చేరింది. వాళ్ళకి ఇండియా నుంచి తెప్పించుకున్న కొత్త హార్మోనియం ఉంది. వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారం మండలులన్నీ ఒకేచోట కలుస్తాయి. "డిస్కో మండలి వచ్చింది అని వాళ్ళు నవ్వుతారు బాబూ" అని ఆంటీ రొట్టెల పిండి మీద పిడికిలితో గట్టిగా గుద్దింది.

అప్పుడే నేను నోరు జారాను. "మా పెద్ద మావయ్య తెనాలి వైపు పద్య నాటకాలకి హార్మోనియం వాయించేవాడు ఆంటీ. నాకు హార్మోనియం లోపలా బయటా తెలుసు" అన్నాను. లోపలి సంగతి నిజమే. ఊళ్ళో అందరూ పెట్టె మావయ్య అని పిలిచే ఆ మావయ్య వేసవి సెలవుల్లో నా చేత పెట్టె విప్పించి, దులిపించి, మళ్ళీ బిగించేవాడు. బయట సంగతే, అంటే వాయించడమే, రాదు. నాటకంలో తెర లేవకముందు వాయించే ప్రార్థన మొదటి రెండు పంక్తులు మాత్రం వచ్చు. మూడో పంక్తి నేర్పబోయిన రోజున "నీ వేళ్ళు గోంగూర కట్టల్లా ఉన్నాయిరా" అని మావయ్యే చేతులెత్తేశాడు. ఆంటీ ఈ వివరాల్లోకి పోలేదు. సాయంత్రానికల్లా మండలిలో అందరికీ ఫోన్లు వెళ్ళాయి: మా ఇంట్లో ఇండియా ఉస్తాద్ ఉన్నాడు!

ఆ ఫోన్ల పుణ్యమే ఆ ప్రయాణం. ఎవరో చెప్పారు, రోటోరువా వెళ్ళే దారిలో ఒక యాంటిక్ కొట్లో 'పిండితే పాడే చిన్న పెట్టె' చూశామని. ఏ ఊళ్ళో అంటే గుర్తులేదన్నారు. "గుర్తు లేకపోతే అన్నీ చూద్దాం" అంది ఆంటీ. ఆ శనివారం పొద్దున్నే పూరీలు, బంగాళాదుంప కూర, ఫ్లాస్కులో టీతో బయల్దేరాం. ఆక్లండ్ దాటగానే బాంబే కొండ వస్తుంది. (నిజంగా దాని పేరు అదే. ఆ బోర్డు ముందు ఫొటో దిగి ఇంటికి పంపని తెలుగు కుర్రాడు ఆ దేశంలో ఉండడు.) కొండ దిగాక అటూ ఇటూ పచ్చని పొలాలు, ఆవులు. పెట్టె దొరక్కపోతే ఆంటీకి పరువు తక్కువ, దొరికితే అక్కడే వాయించమంటుంది, నాకు పరువు తక్కువ. దొరకకూడదని ఒక దణ్ణం, దొరకాలని ఒక దణ్ణం పెట్టుకుంటూ కూర్చున్నాను.

మొదటి కొట్టు పూర్వం బట్టల మిల్లట. లోపల పాతిక ముప్పై మంది తలో మూల అద్దెకు తీసుకుని ఎవరి పాత సామాను వాళ్ళు పేర్చుకున్నారు. ఊళ్ళ పేర్లు చెక్కిన చెంచాలు, రాణిగారి బొమ్మ కప్పులు, ఒంటికన్ను బొమ్మలు, గుర్రపు నాడాలు, జాము వండే ఇత్తడి గిన్నెలు. అంకుల్ ఒక నీలం అంచు తెల్ల ఎనామిల్ పళ్ళెం ముందు ఆగిపోయి, దాని చీటీ మీది ధర చదివి, ఆ ఏడాదిలో నేను విన్న మొదటి పూర్తి వాక్యం పలికారు: "ఇవి మేము పద్దెనిమిది పారేశాం." ఆంటీ ఒక ఇనప పెనాన్ని ఎత్తి, తిప్పి, "ఇలాంటి దాంట్లోనే కదా నేను పొద్దున కూరకి పోపు వేసింది? ఇది యాంటిక్ అయితే నేనేంటి?" అని నన్ను అడిగింది. అక్కడ దొరికింది అకార్డియన్. మెళ్ళో తగిలించుకుని వాయించేది. దాన్ని మెళ్ళో వేసుకుని భజన చెయ్యడం ఊహించుకుని ఆంటీ తల అడ్డంగా ఊపింది.

రెండో కొట్లో దొరికింది కాళ్ళతో తొక్కుతూ వాయించే చర్చి ఆర్గన్. బీరువా అంత ఉంది. అంకుల్ దాన్నీ, బయటున్న మా చిన్న కారునీ మార్చి మార్చి చూసి, జేబులోంచి తాడు తీశారు. నేనూ ఆంటీ చెరో చెయ్యీ పట్టుకుని లాక్కొచ్చాం.

మూడోది హైవే నుంచి కాస్త లోపలికి, ఒకప్పటి పాలషెడ్డు. గుమ్మం పక్కన రబ్బరు బూట్లతో ఒక ముసలావిడ కూర్చుని ఊలు అల్లుతోంది. కొట్టు ఆవిడదే. లోపల చివరి మూల, బొమ్మల బుట్ట కింద ఉంది పెట్టె. టేకు చెక్క, ఇత్తడి మూలలు, పసుపు పచ్చబడిన స్వరాల మెట్లు. దానికో చీటీ వేలాడుతోంది: 'మిషనరీగారి ప్రయాణపు ఆర్గన్. పలకదు. అలంకారానికి మాత్రమే.' ఆంటీ రెండు చేతులతో నోరు మూసుకుంది. నేను వెనక పలక విప్పి తిత్తి ఊది, ఇత్తడి గుబ్బలు లాగి చూశాను. ఒక నిట్టూర్పు వచ్చింది, అంతే. కానీ నిట్టూర్పు వచ్చిందంటే తిత్తిలో ఊపిరి ఉందన్నమాట.

ఇక్కడ బుద్ధిమంతుడైతే ధర చెల్లించి పెట్టె చంకన పెట్టుకుని పోతాడు. నేను విజయవాడ బీసెంట్ రోడ్డులో చొక్కాలు బేరమాడిన వాణ్ణి. "మీరు మాట్లాడకండి ఆంటీ, ముఖం మాత్రం ముడుచుకుని నిలబడండి" అని చెప్పి, ముసలావిడ దగ్గరికి వెళ్ళి సగం ధరకి అడిగాను. "లేదు లవ్" అంది, అల్లిక ఆపకుండా. (అక్కడి పెద్దవాళ్ళు ఎవరినైనా అలాగే పిలుస్తారు.) పలకని పెట్టె కదా అన్నాను. "అదే రాశాను కదా" అంది. సరే అయితే, వద్దు అని తల విదిలించి, ఆంటీని అంకుల్‌ని వెంటబెట్టుకుని విసురుగా బయటికి నడిచాను. ఈ విద్యలో అసలు ప్రాణం అక్కడే ఉంటుంది. పది అడుగులు వేసేసరికి వెనక నుంచి పిలుపు రావాలి, మనం వినపడనట్టు ఇంకో మూడు అడుగులు వెయ్యాలి. పిలుపు వచ్చింది కూడా. "జాగ్రత్తగా డ్రైవ్ చేయండి డియర్, దారిలో గొర్రెలుంటాయి!"

కార్లో కూర్చున్నాం. "వస్తుంది, చూడండి" అన్నాను. ఐదు నిమిషాలు. "ఇప్పుడు ఆలోచిస్తూ ఉంటుంది" అన్నాను. పది నిమిషాలు. అంకుల్ ఎదురుగా పొలంలో ఉన్న గొర్రెల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఈలోగా ఇంకో కారు వచ్చి ఆగింది. ఒక పడుచు జంట దిగి లోపలికి వెళ్ళింది. తలుపులోంచి చూస్తే ఆ అమ్మాయి పెట్టె మీద జేనలు వేసి కొలుస్తోంది. "బాబూ," అంది ఆంటీ చాలా నెమ్మదిగా, "ఆ పిల్ల నా హార్మోనియం ఎందుకు కొలుస్తోంది?"

పరుగెత్తాం. ముసలావిడ మమ్మల్ని చూసి నిజంగానే ఆశ్చర్యపోయింది. "అయ్యో, మీరు వెళ్ళిపోయారనుకున్నాను లవ్. వద్దన్నావు కదా! వీళ్ళు రెండింటిదాకా హోల్డులో పెట్టమన్నారు. ఎదురుగా కేఫ్‌లో భోంచేస్తూ ఆలోచించుకుంటారట." వచ్చే నెలాఖరున వాళ్ళ పెళ్ళి. పెట్టె పైమూత తీసేసి, లోపలి సామాను పారేసి, మట్టి పోసి, కాక్టస్ మొక్కలు పెట్టి బల్ల మధ్యన అలంకరిస్తారట. ఈ మాటలు తెలుగులో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది, కానీ ఆంటీకి ఇంగ్లీషు బాగానే వచ్చు. ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. అక్కడున్న ముక్కాలిపీట మీద కూర్చుని పెట్టె మీద చెయ్యి వేసి, ఆసుపత్రిలో మనిషి పక్కన కూర్చున్నట్టు ఉండిపోయింది.

గోడ గడియారంలో ఒంటిగంటా పది. మూడేళ్ళుగా ఆవిడ చేతి రొట్టెలు తిని, ఆవిడ పరువు మొక్కల కుండీ చేసింది నేనే అనిపించింది. "అది పలికితే?" అని అడిగాను ముసలావిడని. "హోల్డు హోల్డే" అంది. "నేను మాట తప్పను. కానీ పలికే దాన్ని పలకదని రాసి అమ్మడం కూడా మాట తప్పడమే. అప్పుడు వాళ్ళకి ఆ సంగతి చెప్పి తీరాలి. చూడు, కానీ ఏదైనా విరిగితే అది నీదే." అని నవ్వి, నా చేతిలో ఆయుధం లేకపోవడం చూసి, ఊలులోంచి ఒక అల్లిక సూదిని దూసి ఇచ్చింది.

అంకుల్ కారు డిక్కీలోంచి స్క్రూడ్రైవరు, నల్ల టేపు తెచ్చి, అడగకుండానే మరలన్నీ వరసగా చొక్కా జేబులో వేసుకుంటూ పక్కన కూర్చున్నారు. మూత తీశాను. మెట్ల కిందున్న కన్నాలన్నీ మట్టితో పూడుకుపోయి ఉన్నాయి. ఆ దేశంలో ఒకరకం కందిరీగ ఉంటుంది. కన్నం కనిపిస్తే చాలు, దాన్నిండా సాలీళ్ళని కుక్కి మట్టితో సీలు వేసి పోతుంది. తాళం కన్నమా, ఈల కన్నమా అని చూడదు. ఆ మిషనరీగారి పెట్టెలో అవి ఒక కాలనీయే కట్టాయి. ఒక్కొక్క కన్నంలో సూది గుచ్చి మట్టి రాలుస్తుంటే ఎండిపోయిన సాలీళ్ళు ఒళ్ళో పడుతున్నాయి. బల్లిని చూస్తే మంచమెక్కే ఆంటీ, వాటిని చీరకొంగుతో దులిపి "ఇంకా, ఇంకా" అంటోంది. రీడ్ల సందుల్లో, అంటే స్వరం పలికే ఇత్తడి రేకుల సందుల్లో, దుమ్ము తియ్యడానికి పల్చటి కాయితం కావాలి. పొద్దున పెట్రోలు కొట్టించుకున్న రసీదు పనికొచ్చింది. పాతికేళ్ళ వయసుకి దగ్గరపడుతున్న నాకు ఆ రోజున మావయ్య గొంతు చెవిలోనే వినిపించింది: "నోటితో ఊదకురా వెధవా, తడి తగిలితే చిలుం పడుతుంది. కాయితం దూర్చు. మెల్లిగా. అది నాలిక, తలుపు గొళ్ళెం కాదు." ఆ వేసవులన్నీ నాకు దండగ అనుకునేవాణ్ణి. ఆ గోంగూర కట్టలే ఇప్పుడు ఎక్కడ ఏముందో నన్ను అడక్కుండా వెతుక్కుంటున్నాయి.

తిత్తి మూలలో చిరుగుంటే అంకుల్ టేపు వేసి, బస్సు టైరు చూసుకున్నట్టు బొటనవేలితో నొక్కి చూశారు. మూత బిగించాను. రెండుకి పది నిమిషాలు. గుబ్బ లాగి, తిత్తి ఊది, మధ్య మెట్టు మీద వేలు పెట్టాను. ముందు పిల్లికూన అరిచినట్టు ఒక చిన్న శబ్దం. తర్వాత గొంతు సర్దుకుని, నిండుగా, తియ్యగా, ఆ రేకుల షెడ్డు మొత్తం వినిపించేలా 'స' పలికింది. ముసలావిడ అల్లిక ఆగిపోయింది. ఆంటీ నా నెత్తి మీద ఒక్కటి వేసింది. అంత సంతోషంగా నన్నెవరూ కొట్టలేదు.

ఆ జంట తలుపులో నిలబడి ఉంది, చేతిలో కాఫీ కప్పులతో. వాళ్ళ వెనక ఎక్కడినుంచి వచ్చారో, ముసలివాళ్ళ టూరు బస్సు ఒకటి ఆగి పది పన్నెండు మంది. "వాయించు, ఉస్తాద్!" అంది ఆంటీ, ఇంగ్లీషులో, అందరికీ వినపడేలా. తప్పించుకోడానికి అక్కడ ఒక్కటే ద్వారం, దాన్నిండా జనం. నేను కళ్ళు మూసుకుని నాకు వచ్చిన ఆ రెండు పంక్తులూ వాయించాను. అయిపోయాయి. ఎవరూ కదల్లేదు. మళ్ళీ అవే వాయించాను, ఈసారి కొంచెం నెమ్మదిగా, అది రెండో చరణం అన్నట్టు. మూడోసారి పై స్థాయిలో వాయించి, తల కూడా ఊపాను. అప్పుడు ఆంటీ గొంతు కలిపింది. ఏ మాటలో తెలియదు, వాళ్ళ నాయనమ్మ పాడిన ఏ తెలుగు ముక్కలో, సగం అరిగిపోయినవి. నా రెండు పంక్తుల్లో ఆ మాటలు చక్కగా ఒదిగిపోయాయి. పాట ఆగేసరికి టూరు ముసలివాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒకాయన టోపీ తీసేశాడు.

పెళ్ళికూతురు దగ్గరికి వచ్చి పెట్టెని తాకింది. "ఇందులో మట్టి పొయ్యలేం కదా" అంది పెళ్ళికొడుకుతో. అతను నన్ను చూపించి ముసలావిడని అడిగాడు: "పెట్టెతో పాటు ఇతను కూడా వస్తాడా?" అందరూ నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. పెట్టె మాకు వదిలేస్తామని, కాకపోతే దాన్ని వాళ్ళ పెళ్ళికి తీసుకొచ్చి, తను నడిచి వచ్చేటప్పుడు ఇదే వాయించాలని అడిగింది. నేను నోరు తెరిచేలోపే, "తప్పకుండా! పెళ్ళిళ్ళకే కదా వాయిస్తాడు!" అని ఆంటీ ఆ అమ్మాయి ఫోను నంబరు రాసేసుకుంది. ముసలావిడ ఆ చీటీ మీద 'పలకదు' అన్న ముక్కని కొట్టేసి, పెట్టెని తనే స్వయంగా దుప్పటిలో చుట్టి, అల్లిక సూది కూడా ఉంచుకోమంది. పూర్తి ధరే ఇచ్చాం. బేరం గురించి ఎవరూ ఎత్తలేదు.

తిరుగు ప్రయాణంలో పెట్టె నా ఒళ్ళోనే ఉంది. బాంబే కొండ ఎక్కుతుండగా నిజం చెప్పేశాను: "ఆంటీ, నాకు ఆ రెండు పంక్తులు తప్ప వేరే ఏమీ రాదు." వెనక్కి తిరిగి చూసింది. "ఏమీ రాదా?" "ఏమీ." అంకుల్ అద్దంలో నన్ను చూసి, "పెళ్ళికింకా ఆరు వారాలుంది" అన్నారు. ఆ రోజుకి అది ఆయన రెండో వాక్యం.

ఆదివారం మండలుల సభలో మా మండలి పెద్దాయన వాయించగా మా పెట్టె పలికిన తీరుకి మనురేవా వాళ్ళు లేచి వచ్చి మూత ఎత్తి చూశారు. (వాళ్ళ కొత్తది కూతకి వచ్చేసరికి కీచుమందని నేను అనను, ఆంటీ అంటుంది.) మండలిలో వాయించే ఆ పెద్దాయనే నాకు గురువయ్యాడు. ఆరు వారాలు పని నుంచి రాగానే కూర్చోబెట్టి, తప్పినప్పుడల్లా వేళ్ళ మీద పెన్సిలుతో కొట్టి, మొత్తం ప్రార్థన వచ్చేలా చేశాడు. ఆ జంట పెళ్ళి ఒక పొలంలో, గడ్డి మోపుల బెంచీల మధ్య జరిగింది. ఆంటీ పట్టుచీరలో, అంకుల్ కోటులో ముందు వరసలో కూర్చున్నారు. తెర లేవడానికి వాయించే పాటకి తెల్ల గౌనులో పెళ్ళికూతురు నడిచి వస్తుంటే ఒక్క స్వరం తప్పలేదు. తర్వాత పెళ్ళికూతురి నాయనమ్మ వచ్చి, ఎన్నాళ్ళ నుంచి వాయిస్తున్నావని అడిగింది. "ఆరు వారాలు" అన్నాను. ఎంత వినయమో అని నా బుగ్గ గిల్లింది.

ఇప్పుడు నా పిల్లలు ఆ హైవే మీద ఐస్‌క్రీముకి కారు ఆపమంటారు. వాళ్ళు తింటూ ఉంటే నేను పక్క కొట్లోకి వెళ్ళి తిరుగుతాను. మొన్నామధ్య ఒక కొట్టతను ఆగిపోయిన గోడగడియారాన్ని చూపించి, "గడియారాల గురించి నీకేమైనా తెలుసా?" అని అడిగాడు. తెలియదు, సారీ అన్నాను. ఇప్పుడు నాకు ఇంటి అప్పుంది, కళ్ళజోడుంది, ప్రెషర్ కుక్కరు కొనాలన్నా నలుగురి అభిప్రాయాలు చదివి గానీ కొనను. కారెక్కి ఇరవై కిలోమీటర్లు వచ్చేశాను, ఆ గడియారం మనసులోంచి పోలేదు. ఆ ఇరవైనాలుగేళ్ళ వాడైతే తెలుసు అనేసి ఉండేవాడు. ఈపాటికి దాన్ని విప్పదీసి, ఏ స్ప్రింగు ఎక్కడిదో తెలియక, ఆ కొట్లో నేల మీద చెమటలు కక్కుతూ కూర్చుని ఉండేవాడు. "ఎందుకు నవ్వుతున్నావ్ డాడ్?" అని మా చిన్నది అడిగింది. ఏమీ లేదమ్మా అని, ముందు వచ్చిన మలుపులో కారు వెనక్కి తిప్పాను.